స్వర్గం మీద విచారణ సంఘం

"బతికున్న ప్రజలకు చేయవలసిందంతా మా ప్రభుత్వం చేసేసింది. ఇక చచ్చిన తర్వాతి సంగతే మిగిలింది!"

1979 ఎండాకాలంలో, తాండూరు సభలో శాఖ లేని మంత్రిగారు ఈ మాట అనగానే చప్పట్లు మారుమోగాయి. మనది సెక్యులర్ దేశం కనుక పరలోకం ఉందో లేదో ప్రభుత్వం చెప్పదట. ఉంటే అది కావాలా వద్దా అని మాత్రం ప్రజలను అడుగుతుందట. అందుకోసం మంత్రిగారు ఒక విచారణ సంఘం వేసి, దానికి తానే అధ్యక్షుడయ్యారు. పదవుల కోసం ఏనాడూ పాకులాడని మనిషి.

ఈ కబురును ధారూర్ అవతలి పల్లెలో గొర్రెలు కాసుకునే జంగమ్మ దగ్గరికి పార్టీ కార్యకర్త కిష్టప్ప మోసుకొచ్చాడు. ఆమె భర్త నర్సప్ప నిరుడు జ్వరమొచ్చి, డాక్టరు దాకా పోకుండానే పోయాడు. ఇప్పుడు కూతురు రుక్కమ్మకు నెలలు నిండాయి.

"వికారాబాద్ గెస్ట్ హౌసుల సారు కూసుంటడక్కా. సచ్చినోళ్ల తరఫున నువ్వు మాట్లాడాలె. స్వర్గం కావాలె అంటె సాలు."

"మా ఊరికి డాక్టర్‌ను గూడ అడగొచ్చా తమ్మీ?"

"ఆఖర్ల అడుగు."

గెస్ట్ హౌసులో మొదటి సాక్షి తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసే జహూర్.

"పొద్దంత రాళ్లు మోస్త సాబ్. సచ్చినంక గూడ నా మీద రాయే పెడ్తరు. జన్నత్ సంగతి తర్వాత, గా రాయి జర పతలాది, పల్చటిది పెట్టమనుండ్రి."

'సాక్షి సుముఖుడు' అని సెక్రటరీ రాసుకున్నాడు.

తర్వాత జంగమ్మ వంతు.

"నీ భర్త ఇప్పుడు స్వర్గంలో సుఖంగా ఉన్నాడు తల్లీ," అన్నారు మంత్రిగారు.

"ఆయన గవన్నీ నమ్మలే సారూ. 'పుట్టకముందు నేను లేనని ఎన్నడన్న ఫికర్ చేసిన్నా? సచ్చినంక గూడ గంతే' అంటుండె."

"పోనీ, నిజంగానే ఇస్తే? నీకు వద్దా?"

జంగమ్మ ఆలోచించింది. "గాడ గొర్లుంటయా? ఉంటె గీడికి గాడికి ఫరకేంది? లేకుంటె పొద్దెట్ల పోతది?"

'గొర్రెల సరఫరాకు లోబడి సుముఖం' అని సెక్రటరీ రాసుకున్నాడు.

"నాకు గా లోకం వద్దు సారూ. గీ లోకంల ఒక్క డాక్టర్ కావాలె."

"అది నా శాఖ కాదమ్మా," అన్నారు శాఖ లేని మంత్రిగారు.

భోజనాలయ్యాయి. మంత్రిగారు వేటమాంసానికి సంపూర్ణ న్యాయం చేసి, సంఘం నిర్ణయం ప్రకటించడానికి లేచారు. "పరలోకం వాంఛనీయమే! చావుకు భయపడటమెందుకు? అది ఇల్లు మారడం లాంటిది. పిలుపొస్తే నేను ఈ క్షణమే..."

అంతలోనే ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "నేను పోను! నేను పోను!"

జంగమ్మకు జాలేసింది. "పరేషాన్ గాకుండ్రి సారూ. మా ఆయన ఆడ్నే ఉన్నడని మీరే జెప్తిరి గద. అరుసుకుంటడు."

"డాక్టర్! డాక్టర్!"

"గదే సారూ, నేను పొద్దుగాల సంది అడుగుతున్న."

ఒకటి కాదు, రెండు జీపుల నిండా డాక్టర్లు దిగారు. గ్యాస్ అని తేల్చారు. మంత్రిగారు త్రేన్చారు. రాష్ట్రం ఊపిరి పీల్చుకుంది. మా బిడ్డను ఒక్కసారి చూసిపోండని జంగమ్మ జీపు పట్టుకుని బతిమాలింది. మళ్లీ త్రేన్పు ఆగిపోతుందేమోనని మంత్రిగారు డాక్టర్లందరినీ హైదరాబాద్ దాకా వెంటబెట్టుకుపోయారు.

ఆ వారమే మంత్రసాని భీమమ్మ చేతిలో రుక్కమ్మకు సుఖప్రసవమైంది. బాలింతకు కారం దంచుతున్న జంగమ్మ దగ్గరికి కిష్టప్ప పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీ సాక్ష్యం మస్తు పనిజేసింది! మన ఊరికి పక్కా శ్మశానం శాంక్షనైంది. గేటు, షెడ్డు, అన్నీ! సోమవారం మంత్రిగారే స్వయంగ ఓపెనింగ్ జేస్తరు."

"మంచిది."

"ఒక్కటే ఫికర్." కిష్టప్ప గొంతు తగ్గించాడు. "ఉత్తగ రిబ్బన్ కోస్తె బాగుండదు. ఊర్ల ఎవరికన్న జర సీరియస్‌గున్నదా?"

జంగమ్మ రోకలి ఆపి, వాడ మొత్తం ఇంటింటినీ తలుచుకుంది.

"గట్ల ఎవరికి లేదు తమ్మీ. మొన్న మంత్రిగారికే జర ఉండె."