వెనక నిలబడే పని

ఆదివారం పదింటికి ఆట. ఆ ఇంట్లో నలుగురూ ఒక టీమ్: మందుల షాపులో పనిచేసే కోడలు, ఇన్సూరెన్స్ ఏజెంటయిన ఆమె భర్త, కాలేజీలో చదివే ఆడపడుచు, బస్సు డ్రైవరుగా రిటైరైన మామగారు. ఆన్‌లైన్‌లో ఇంకో టీమ్‌తో యుద్ధం. ఇవాళ ఓడితే కింది లీగ్‌కు పడిపోతారు. ముగ్గురు కత్తులతో ముందుకు వెళ్తారు. కోడలు హీలర్, అంటే వెనక నిలబడి వాళ్ల గాయాలు మాన్పే పాత్ర. మొదటినుంచీ ఇదే ఏర్పాటు.

టిఫిన్ దగ్గర ఆమె అంది, "ఇవాళ కత్తి నాది. హీలర్ ఇంకెవరైనా తీసుకోండి."

"ఓడిపోదామనా?" అన్నాడు భర్త.

"ఇన్నాళ్లూ మిమ్మల్ని చావకుండా చూసిందెవరు?"

"అదేమన్నా బ్రహ్మవిద్యా? వెనక నిలబడి బటన్ నొక్కడమేగా!"

ఆమె గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడుకు మామగారు పేపరు దించాడు. "బండి నడిపేది డ్రైవరేగా అమ్మాయ్."

"బ్రేకు లేకుండా నడిపేవారా మామయ్యా?"

ఆడపడుచు అందుకుంది. "పోయినవారం నేను చచ్చిపోతుంటే నువ్వెటు చూస్తున్నావు వదినా?"

"మీ నాన్నగారివైపు! ఒక్కరే వెళ్లి శత్రువుల మధ్య నిలబడితే ఎవరు చూడాలి?"

నాలుగు తలుపులు నాలుగు గదుల్లో, వంటింటితో సహా, దబ్బున పడ్డాయి. గొడవైతే ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పదింటికి ఎవరి గదిలో వాళ్లు ఫోన్లో ఆట తెరిచి, మైకులు ఆపేశారు. ఎవరు ఏ పాత్ర తీసుకున్నదీ ఆటలో కోట తలుపు తెరుచుకునేదాకా మిగతావాళ్లకు కనబడదు.

బటన్ నొక్కడమేనని నిరూపించడానికి భర్త హీలర్‌ను తీసుకున్నాడు. వదినకంటే బాగా ఆడి ఆమె నోరు మూయించాలని ఆడపడుచు హీలర్‌నే తీసుకుంది. కోడలి పంతంవల్ల టీమ్ పరువు పోకూడదని మామగారు తిట్టుకుంటూ హీలర్‌ను తీసుకున్నాడు. కోడలు కత్తి తీసుకుంది. ఓడితే తన నెత్తినే రుద్దుతారని తోచి, పళ్లు కొరుక్కుంటూ హీలర్‌కు మారింది.

తలుపు తెరుచుకుంది. నాలుగు తెల్ల అంగీలు, నాలుగు చేతికర్రలు. మైకులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి.

"కత్తేది?"

"నీదన్నావుగా!"

"మీకు బుద్ధుందా అసలు?"

ఎదుటి టీమ్ మీద పడింది. భర్త అలవాటుకొద్దీ నడిమధ్యకు పరుగెత్తాడు. దెబ్బలన్నీ అతనికే తగిలాయి. మిగతా ముగ్గురూ అతన్ని తిడుతూ మాన్పారు. అతను చావలేదు. ఎవరూ చావలేదు. మామగారు కర్రతో ఎదుటివాళ్లను పొడిచాడు. ఆ పోటుకు ఎవరూ పడరు, ఒక గీత పడి కాస్త ప్రాణం తగ్గుతుందంతే. ఎదుటి టీమ్‌లో ఒకడు "పోరాడండ్రా!" అని అరిచాడు. గడువు ముగిసింది. అప్పటికి ఎవరి ప్రాణాలు ఎక్కువ మిగిలితే వాళ్లదే గెలుపని ఆ లీగ్ నియమం. అటు నిండా గీతలు. ఇటు ఒక్కటీ లేదు.

గెలిచారు. తెరమీద బంగారు అక్షరాలు వెలిగాయి: అత్యుత్తమ ఆటగాడు, భర్త. తగిలిన ప్రతి దెబ్బకూ అతను తనను తానూ మాన్పుకున్నాడు, ఆ లెక్కే అందరికంటే ఎక్కువైంది. కోడలి పేరు మూడోది.

"చెప్పానా? బటన్ నొక్కడమే!" పక్కగదిలోంచి భర్త కేక వేశాడు.

ఇన్నాళ్లుగా ఆ అక్షరాల్లో తన పేరు ఒక్కసారీ చూసుకోని కోడలు పాత్రల జాబితా మళ్లీ తెరిచింది. వచ్చేవారం ఆటకు అప్పుడే గొడ్డలి వీరుణ్ణి ఎంచుకుంది.

ఎదుటి టీమ్ ఎవరో అడగలేదు; ఆమె చూపు పక్కగది గోడమీదే ఉంది.