పులిగారి సభలో చైనా క్యాబేజీ

ఒక పెద్ద అడవిలో, పుట్టి బుద్ధెరిగాక ఆకు ముట్టని పులికి మలబద్ధకం పట్టుకుంది.

మామూలుది కాదు, రాచ మలబద్ధకం. పులిగారు గర్జిద్దామని నోరు తెరిస్తే గర్జన సగంలో ఆగి మూలుగై తేలేది. జింకలు పారిపోవడం మానేసి, పాపం ఒంట్లో బాలేదు కాబోలని నిలబడి చూసేవి. భయం మీద నడిచే రాజ్యం కదా, సంగతి కడుపు దాటి పరిపాలన దాకా వచ్చింది.

కొంగ డాక్టరు వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, నాలుక చూసి, కూరగాయలు తినాలన్నాడు. పులిగారు చస్తే తిననన్నారు. తమ వంశంలో ఆ పని చేసినవాడు లేడట. చేసినట్టు బయటపడితే రేపు మేకలొచ్చి వరసలు కలుపుతాయట.

అప్పుడు కార్యదర్శి నక్క దగ్గాడు. పేరు శేషావతారం. ఆ అడవిలో ఏ ఉపద్రవమైనా ముందు ఆ దగ్గుతోనే మొదలవుతుంది.

కొద్దిరోజులకే చాటింపు పడింది. కుందేళ్ళ ఆరోగ్యం తలుచుకుని ప్రభువులవారికి నిద్ర పట్టడం లేదు. కాబట్టి కలగూరలో బలం ఎక్కువా, చైనా క్యాబేజీలో ఎక్కువా అన్నది సభ పెట్టి తేలుస్తారు. అందాకా కుందేళ్ళు రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు క్యారెట్, బీన్స్, బఠాణీ, మొక్కజొన్న కలిపిన కలగూర మాత్రమే తినాలి, రెండో జట్టు చైనా క్యాబేజీ మాత్రమే తినాలి. సరుకు సర్కారుదే. ఏ తిండి గొప్పదని తేలితే ఆ జట్టు మొత్తానికీ గుహ లోపల సన్మానం, శాలువాతో సహా.

న్యాయనిర్ణేతలు పులి, తోడేలు, మొసలి. ఆకు తినేవాళ్ళు ఒక్కరైనా ఉండొద్దా అని ఏనుగు అడిగింది. ఆకు తినేవాడికి ఆకు మీద మమకారం ఉంటుందనీ, ఆకు ముట్టనివాడే నిష్పక్షపాతి అనీ నక్క వివరించాడు. ఆ మాటలో ఎక్కడో తిరకాసుందని ఏనుగుకు తోచింది కానీ, అదెక్కడో పట్టుకునేలోపు చప్పట్లు మోగిపోయాయి.

అందరికన్నా గట్టిగా కొట్టింది చెంగలి అనే కుందేలు. అడవిలో ఎక్కడ వాదన జరిగినా ముందు ఆమె చెవులు చేరేవి, వెనక తాను చేరేది. ఏ పక్షమన్నది ఆమెకు పట్టింపు లేదు, గెలవడమే పట్టింపు. నదికి ఒకే ఒడ్డు ఉందని ఓసారి తాబేలుతో వాదించి నెగ్గింది. పాపం తాబేలు ఇప్పటికీ రెండో ఒడ్డు మీదికి ఎక్కడానికి సందేహిస్తుంది.

కలగూర జట్టుకు గుబురు పేరయ్య నాయకుడయ్యాడు. 'ఆ మాటకొస్తే' అనకుండా నోరు తెరవని పెద్దమనిషి. ఆయన అటున్నాడు గనక చెంగలి ఇటు, క్యాబేజీ వైపు నిలబడింది.

చిక్కల్లా ఆమె చెల్లెలు దూదితో వచ్చింది. దూది వెళ్ళి కలగూర జట్టులో చేరింది.

"నాకు మొక్కజొన్న ఇష్టం అక్కా. అంతే," అంది.

"అంతే అనేది సిద్ధాంతం కాదే. దాన్ని ద్రోహం అంటారు," అంది చెంగలి.

ఇక బొరియ బొరియకూ చీలికే. కుదిరిన సంబంధాలు చెడిపోయాయి. క్యాబేజీ వాళ్ళను నీళ్ళతొట్లని, కలగూర వాళ్ళను ఎంగిలిముంతలని పిలుచుకున్నారు. అందరూ కొట్టుకుంటూనే ఒళ్ళు చేశారు.

సభ రేపనగా చెంగలి వాగు దగ్గరికి వెళ్ళింది. కలగూరలో లోపాలేమిటో కొంగ డాక్టరు నోట వింటే, రేపు పేరయ్యను ఉతికి ఆరేయొచ్చని ఆశ.

"రెండూ మంచివేనమ్మా," అన్నాడు కొంగ చేపల మీదినుంచి చూపు తిప్పకుండా. "కలగూరలో పీచూ శక్తీ ఎక్కువ. క్యాబేజీలో నీరు మెండు, సి విటమిను బాగుంటుంది, ఎముకలకు కాల్షియం. ప్రభువులవారికి ముఖ్యంగా కావలసింది పీచు. నీరైనా మంచిదేననుకో."

"ప్రభువులవారు ఆకు ముట్టరు కదండీ."

"ముట్టరు. అందుకేగా ముందు మీరు తింటున్నారు."

చెంగలికి అర్థం కాలేదు. కొంగ విసుక్కోకుండా విడమరిచాడు. "చేదు మందు తేనెలో రంగరించి ఇస్తాం కదా. ఇక్కడ తేనె మీరన్నమాట. గెలిచిన జట్టును పూటకొకటి చొప్పున, భోజనం తర్వాత..." ఆగి, కాస్త ఆలోచించాడు. "కాదులే. భోజనంగానే."

సిగ్గులేదా అని అడిగితే కొంగ నొచ్చుకున్నాడు. తన పని మందు చెప్పడం వరకేనట. మందు పారిపోతే దానికి తను బాధ్యుడు కాదట.

చెంగలి వెనక్కి పరిగెత్తింది. దారిలో తట్టిన మొదటి ఆలోచన, ఓడిపోవాలి. బతుకులో ఎన్నడూ చేయని పని, నేర్చుకుంటే రాకపోదు. రెండో ఆలోచన తట్టేసరికి కాళ్ళు ఆగిపోయాయి. తాను ఓడితే గెలిచేది కలగూర. కలగూరంటే దూది.

గెలిస్తే తన ప్రాణం, ఓడితే చెల్లెలి ప్రాణం. ఇన్ని వాదాలు చేసింది కానీ, రెండు పక్షాలూ ఓడిపోయే వాదన ఆమె ఎన్నడూ చేయలేదు.

ముందు పేరయ్యకు చెప్పి చూసింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ మాటకొస్తే అమ్మాయ్, ఓడిపోయేవాళ్ళకు ముందురోజే పులి గుర్తొస్తుంది."

దూదికి చెప్పింది. శాలువా మాకొస్తుందనేగా నీ కడుపుమంట, అంది దూది. పోనీ అందరం పారిపోదామంటే, కుందేళ్ళ భద్రత కోసమని అడవి చుట్టూ తోడేళ్ళను కాపలా పెట్టారు.

సభ మొదలైంది. పేరయ్య ముందు లేచాడు. క్యారెట్ కంటికన్నాడు, బఠాణీ కండకన్నాడు, బీన్స్ పీచుకన్నాడు. నమ్మకపోతే నా తొడ చూడండని తొడ చూపించాడు. పులిగారు చూశారు. తోడేలు చూశాడు. మొసలి కళ్ళు తుడుచుకుంది. ఆ ఊపులో పేరయ్య, కలగూర మహిమకు సాక్ష్యంగా దూదిని తెచ్చి వేదిక మీద నిలబెట్టి, గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు. పులిగారు ముందుకు వంగారు.

చెంగలి లేచింది.

"అధ్యక్షా, మా చైనా క్యాబేజీ ఉత్త నీళ్ళు," అంది.

ఆమె జట్టులో ఒక ముసలి కుందేలు కళ్ళు తిరిగి కూలబడింది.

"ఆకు వేషం కట్టిన నీళ్ళు. ఇది తిని నేను లావెక్కానంటే అది బలం కాదు, ఉబ్బు. నన్ను పిండితే చెంబు నిండుతుంది గానీ ఎవరి కడుపూ నిండదు."

కలగూర జట్టు లేచి ఈలలేసింది. చెంగలి అటు తిరిగింది. అవతలి పక్షం చప్పట్లు కొడుతున్నప్పుడు కొట్టే దెబ్బే గట్టిగా తగులుతుందని ఆమెకు తెలుసు.

"ఇక కలగూర. అడవి చేరేసరికి క్యారెట్ వడలిపోతుంది, బీన్స్ నారవుతుంది. మొక్కజొన్న లోపలికి ఎలా వెళ్ళిందో అలాగే బయటికొస్తుంది, దారిలో ఎవరికీ ఏమీ ఇవ్వదు. మిగిలింది బఠాణీ. బఠాణీ అంటే వాయువు. ఇదిగో, నా సొంత చెల్లెలు. గుండ్రంగా ఉంది కదా అని మురిసిపోకండి. ఇందులో కండ లేదు. గాలి. కడుపు బిగిసినవాళ్ళు దీనికి ఆమడ దూరంలో ఉండడం మంచిది."

నిండు సభలో అక్క పరువు తీసిందని దూది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళవైపు చూడకుండా చెంగలి మొసలి వైపు చూస్తూ నిలబడింది. ఇంతలో ఏడుపు మింగుతూ దూది పెద్దగా త్రేన్చింది.

న్యాయనిర్ణేతలు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

పులిగారు నక్క వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ సర్కారు ఖర్చుతో నీళ్ళూ గాలీ మేపావా అని నెమ్మదిగా అడిగారు. ఆ నెమ్మది సంగతి నక్కకు తెలుసు. పథకం పోతే పదవి పోతుంది. పదవి లేని నక్కను అడవిలో కుక్క కూడా లెక్కచేయదు.

"అబద్ధం ప్రభూ," అన్నాడు శేషావతారం ముందుకొచ్చి. "ప్రతి బుట్టా ముందు నేను రుచి చూశాకే వదిలాను. పొద్దున క్యాబేజీ, సాయంత్రం కలగూర. నన్ను చూడండి. ఈ బొచ్చు నిగనిగ చూడండి. దాపరికం దేనికి, నా కడుపు పుట్టాక ఇంత సుఖంగా ఎన్నడూ లేదు."

పులిగారు ఆయన్ను చూశారు. ఇన్నేళ్ళ కొలువులో అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు.

"రెండూ తిన్నావా?"

"రెండూ ప్రభూ," అన్నాడు నక్క గర్వంగా.

"రెండూ కలిస్తే మరీ మంచిది," అన్నాడు కొంగ డాక్టరు ఒంటికాలి మీదినుంచి.

నక్కకు విషయం అందింది, కానీ శాలువా ముందు అందింది. మెడచుట్టూ కప్పి, దండ వేసి, చప్పట్ల మధ్య లోపలికి తీసుకెళ్ళారు. చెట్టుమీది కోతులు అది నిజం సన్మానమే అనుకుని ఈర్ష్య పడ్డాయి.

మర్నాడు పులిగారి గర్జన అడవి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిండుగా వినబడింది. జింకలు మళ్ళీ క్రమశిక్షణతో పారిపోయాయి.

ఇక కుందేళ్ళు నోరు మూసుకుని బొరియల్లో దూరాలి కదా. దూరలేదు. గుహ ఎదుటే గుమిగూడాయి. ప్రభువులవారికి గుణమిచ్చింది నక్కలోని కలగూరా, నక్కలోని క్యాబేజీయా? ఆ మాటకొస్తే మా పీచే గెలిచిందని పేరయ్య అప్పుడే బండరాయి ఎక్కాడు. క్యాబేజీ వాళ్ళందరూ చెంగలి వైపు చూశారు.

"అక్కా, వద్దు. కూర్చో," అంది దూది. రాత్రి అసలు సంగతంతా విని, ఏడ్చి, అక్కను కావిలించుకుని పడుకున్న పిల్ల ఇప్పుడామె చెయ్యి వదలడం లేదు.

చెంగలి కూర్చుంది. నోరు బిగించింది. పేరయ్య ఇంకోసారి పీచు అన్నాడు. చెంగలి చెవులు నిక్కాయి. గుహ వాకిట్లో పులిగారు ముంజేతుల మీద గడ్డం ఆనించి, ఒక్క నక్కతో ఏం తేలుతుందయ్యా, వాళ్ళను మాట్లాడనీ అని కొంగతో అంటున్నారు.

"అధ్యక్షా," అంది చెంగలి లేచి, "సి విటమిను సంగతి ఏమంటారు?"

కాబట్టి పిల్లలూ, కూరగాయలు బాగా తినండి. మిమ్మల్ని తినబోయేవారి ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది.