తొట్టి నీళ్లలో చెయ్యి

రావులంక చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని చూడటానికి వచ్చిన బడిపిల్లల్లో ఎవరైనా తొట్టి నీళ్లలో చెయ్యి పెడితే అక్కడికక్కడే చేపపిల్ల అయిపోతారు. ఆ ఖాళీలో ఒక చేపపిల్ల యూనిఫారం తొడుక్కుని బడికి వెళ్తుంది. ఇందులో వింతేమీ లేదు. గేటు లోపలికి ఎన్ని తలలు వచ్చాయో అన్ని తలలూ బయటికి వెళ్లాలన్నదే మత్స్యశాఖ వారి పట్టింపు. ఏ తలలో ఏముందన్నది వారి పరిధిలోకి రాదు.

పిల్లలకి కేంద్రమంతా తిప్పి చూపించే ఉద్యోగం నాగవేణిది. నీళ్ల మీద తేలిన మెడ టైని, ఐడీ కార్డుని చేతివలతో తీసి, ఎండలో ఆరేసి, కొత్త మెడకి సరిగ్గా బిగించడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. బస్సెక్కే ముందు యూనిఫారం తొడిగిన ప్రతి చేపపిల్ల చేతా మరోసారి తొట్టిలో చెయ్యి పెట్టిస్తుంది. చేపపిల్లని నీళ్లేం చేస్తాయి? చెయ్యి చెయ్యిలాగే బయటికి వస్తుంది. దాన్నే తనిఖీ అంటారు. ఆ తర్వాత మాస్టార్లకి ఒక మాట చెప్పి పంపుతుంది. "ఎక్కగానే కిటికీలు తీసెయ్యకండి. కొత్త గాలి కదండీ, కాసేపు అలవాటు పడనియ్యండి."

ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. వచ్చేవన్నీ కృతజ్ఞతలే. మొన్నామధ్య ఒక తండ్రి స్వీటు డబ్బా పట్టుకుని పనిగట్టుకుని వచ్చాడు. "మావోడు ఇప్పుడు ఎదురు చెప్పట్లేదమ్మా. కూకోబెట్టిన చోటే ఉంటన్నాడు. మంచినీళ్లు మాత్రం బిందెలకి బిందెలు తాగేత్తన్నాడు," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాగవేణికీ కళ్లు చెమర్చాయి. ఒక ఇంటికి మేలు చేశామంటే ఎవరికి మాత్రం ఆనందంగా ఉండదు?

చెప్పుకోవలసిన కృతజ్ఞతలు ఆమెకీ ఉన్నాయి. నీళ్లలో చెయ్యి పెట్టేది ఎప్పుడూ, వద్దంటే ఎందుకని అడిగే పిల్లలే. అందుకని తొట్లన్నీ ప్రశ్నలతో కిటకిటలాడుతుంటాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేత పట్టుకుని గట్టున కూర్చుంటే చాలు, తలలు పైకి లేస్తాయి. "అత్తా, చేపలకి దాహం వేత్తదా?" "అత్తా, వాన పడితే చెరువుకి చక్కిలిగింతలు పుడతాయా?" తెలిసింది చెబుతుంది, తెలియనిది రేపు చెబుతానంటుంది. ఇంత కబుర్ల ఉద్యోగం ఇచ్చినందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది.

కృతజ్ఞతలో అందర్నీ మించినవాడు కోదండపాణి గారు. దూరాన పట్నంలో ఒక హాస్టలు బడికి ప్రిన్సిపాలు. చేపపిల్లల్ని నీళ్ల సంచుల్లో నింపి దూరం పంపే ముందు ఏం చేస్తారో నాగవేణి ఆయనకి ఒకసారి వివరంగా చూపించింది. మేత ఆపేసి, సన్నకన్నుల వలలో ఇరుకిరుగ్గా పెడతారు. మధ్యమధ్య నీళ్లు కొట్టి బెదరగొడతారు. ముందు గిలగిల్లాడతాయి, తర్వాత సర్దుకుంటాయి. "ఇరుకు అలవాటైన పిల్ల సంచిలో గెంతదండి, చావదు," అంది నాగవేణి. ఆయన వల పక్కనే చాలాసేపు నిలబడిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె కూతురు పావనికి తన బడిలో సీటు ఇచ్చాడు.

పావనిని నాగవేణి ఏనాడూ తొట్ల దాపులకి రానివ్వలేదు. ఆ పిల్ల నోటికి తాళం ఉండేది కాదు, చేతికి అంతకన్నా ఉండేది కాదు. అలాంటి పిల్లకి అంత పెద్ద బడిలో సీటంటే మాటలా! కోదండపాణి గారి ఫోటో దొరికితే దేవుడి పక్కన పెట్టుకునేది. కానీ ఇవాళ ఆ బడి బస్సే కేంద్రానికి వస్తోంది, అందులో పావని ఉంది. కూతురు చెయ్యి ఊరుకోదని తెలిసిన తల్లి పొద్దున్నుంచి తొట్లకీ గేటుకీ మధ్య తిరుగుతూనే ఉంది.

పిల్లలు వరసగా దిగారు, వాళ్ల వెనక కోదండపాణి గారు. పావని చేతులు వెనక్కి కట్టుకుని ఉంది.

"నీళ్లలో చెయ్యెట్టకండమ్మా," అంది నాగవేణి, ఒక్క మొహాన్నే చూస్తూ.

ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక్కో తొట్టీ దాటుతుంటే ఆమె గుండె కాస్త కాస్త కుదుటపడింది. ఆఖరి తొట్టిలోంచి ఒక చేపపిల్ల తల ఎత్తి, "అక్కా, నీ రిబ్బను నీళ్లలో ఏ రంగుంటది?" అని అడిగింది. పావని అటు తిరగలేదు. కుదుటపడ్డ గుండె మళ్లీ జారింది.

"ఏమన్నా అడగవేంటే?"

"అడిగేవి లేవు మేడం."

"నేను మీ అమ్మనే!"

"తెలుసు మేడం."

నాగవేణి ఉద్యోగంలో చేరాక ఎన్నడూ అనని మాట అనేసింది. "ఒక్కసారి చెయ్యెట్టి చూడమ్మా. నీళ్లు చల్లగా ఉంటాయి."

చెప్పారు కాబట్టి పావని పెట్టింది. మణికట్టు దాకా ముంచి, అలాగే ఉంచింది. చెయ్యి చెయ్యిలాగే ఉంది.

"తియ్యమంటారా మేడం?"

వెనక నుంచి కోదండపాణి గారు రెండు చేతులూ జోడించాడు. "అంతా మీరు చెప్పిన పద్ధతేనమ్మా. మా హాస్టల్లో అచ్చంగా అలాగే చేస్తున్నాం. ఇకమీదట మీ నీళ్లకి కూడా శ్రమ ఉండదు. మీ అమ్మాయే క్లాసు ఫస్టు."

నాగవేణి కూడా చేతులు జోడించింది. ఇంకేం చేస్తుంది? కూతురు చెయ్యి కొంగుతో తుడిచి, బస్సెక్కించింది. కిటికీల సంగతి చెబుదామని నోరు తెరిచేసరికే అవి మూసి ఉన్నాయి.

బస్సు వెళ్లాక మేత పట్టుకుని గట్టున కూర్చుంది. తలలు లేచాయి.

"అత్తా, ఎందుకు ఏడుత్తన్నావు?"

"ఏడుపు కాదమ్మా," అంది నాగవేణి. "సంతోషం. మా అమ్మాయి క్లాసులో ఫస్టంట."

"మరి సంతోషమైతే మాకు మేతెయ్యడం ఎందుకు మర్చిపోయావు?"

దానికి రేపు చెబుతానంది.