ఫ్లూ రహిత కార్యాలయం

"ఈ కార్యాలయంలో అడుగుపెట్టే ధైర్యం ఏ వైరస్‌కీ లేదు!" అని మా డైరెక్టరు గారు ప్రకటించి, ఘనంగా తుమ్మారు.

మాది జనానికి ఆరోగ్య పాఠాలు చెప్పే ఆఫీసు. ప్రదర్శనలకి బొమ్మలు చేయడం నా ఉద్యోగం. ఆ చలికాలం ఫ్లూ ఊరంతా తిరుగుతుంటే, ఒక్కరు కూడా ఫ్లూతో సెలవు పెట్టని ఆఫీసుకి షీల్డు ఇస్తామని పై కార్యాలయం వారు చాటారు. ఇంకేం! ఆ రోజు నుంచి మా ఆఫీసులో సెలవులు మాయమయ్యాయి. దగ్గులు మాత్రం మిగిలాయి.

రోగానికైనా హోదా ఉండొద్దూ! డైరెక్టరు గారికొస్తే అలర్జీ. గుమాస్తాలకొస్తే జలుబు. అటెండరుకొస్తే నాటకం. ఈ మూడింటికీ సెలవు లేదు, ఫ్లూకే సెలవు అని ఆయన ఆర్డరు వేశారు. ఫ్లూ అనే పోస్టు మాత్రం మా దగ్గర మంజూరు కాలేదు.

నా బాధ వేరు. ఇంట్లో నెల నిండని పాప. నా భార్య గుమ్మంలోనే ఆపి చెప్పేసింది. "ఏవండీ, తుమ్మేవాళ్ళ మధ్య కూర్చునొచ్చి పాపని ముట్టుకున్నారో, ఊరుకోను. కిటికీలోంచి చూడండి చాలు."

కన్నకూతుర్ని కిటికీలోంచి చూసుకునే రాత నాకు పట్టింది. ఏడుపొచ్చింది. మర్నాడు మాస్కు పెట్టుకుని వెళ్ళాను.

"ఏమిటయ్యా ఆ ముసుగు?" అన్నారు డైరెక్టరు గారు.

"ఇంట్లో పసిపాప ఉంది సార్. ఇక్కడందరూ దగ్గుతున్నారు కదా అని..."

"ఎవరయ్యా దగ్గేది?" అని దగ్గారు. "లేని ఫ్లూకి ముసుగేస్తే, చూసినవాళ్ళు ఉందనుకోరూ? తీసెయ్!"

"తీయలేను సార్."

"అయితే నా కళ్ళబడకు! పో, వరండాలో కూర్చో!"

నా బల్లా, జిగురు డబ్బా వరండాలో పడ్డాయి. లోపల వాళ్ళు చలిగాలి రాకుండా కిటికీలన్నీ బిగించుకుని, ఒకరి ఊపిరి ఒకరు పంచుకుంటూ వెచ్చగా ఉన్నారు. నేను గాలిలో వణుకుతూ, పై కార్యాలయం నుంచి తనిఖీకి రాబోయే పెద్దాయన కోసం బొమ్మ చేశాను. ఒళ్ళంతా ఉన్నిని పట్టుకునే వెల్క్రో ముళ్ళున్న బంతి వైరస్. ఉన్ని దుప్పటి చుట్టిన దిండు మన గొంతులోని కణం.

పెద్దాయన ఉన్ని స్వెట్టరు వేసుకుని వచ్చారు. నేను గుమ్మం అవతల నిలబడి చూశాను. డైరెక్టరు గారు బంతి చేతబట్టి అందుకున్నారు.

"అయ్యా, మన ముక్కులో, గొంతులో కణాల మీద చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. వాటి కొసన సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉంటుంది. వైరస్ ముల్లు సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. ఒక్క ముల్లు పట్టు అంత గట్టిదేం కాదు. అన్నీ కలిసి పట్టాయంటే మాత్రం వదలవు! పిచ్చి కణం, వైరస్‌ని తనే లోపలికి లాక్కుంటుంది!"

"భలే! మరి మీ ఆఫీసు జోలికి ఎందుకు రాలేదు?"

"క్రమశిక్షణ సార్! క్రమశి... హాచ్!"

బంతి ఎగిరి పెద్దాయన స్వెట్టరుకి అంటుకుంది. ఆయన లాగారు, రాలేదు. గుమాస్తాలు లాగారు, ఊహూఁ! నా పనితనానికి నాకే గర్వమేసింది.

"అలర్జీ సార్," అన్నారు డైరెక్టరు గారు.

"ఆఁ ఆఁ, నాకూ ఉంది లెండి," అని పెద్దాయన మర్యాదగా మొహం తుడుచుకుని, షీల్డు అక్కడికక్కడే ఇచ్చేశారు.

తరవాతి సోమవారం ఆఫీసుకి వెళితే పిట్ట మనిషి లేడు. అందరూ మంచాల మీదున్నారు. వచ్చినవాళ్ళలో పెద్దవాడు ఇన్‌ఛార్జి అని మా రూలు. వచ్చింది నేనొక్కణ్ణే! డైరెక్టరు గారి కుర్చీలో ఇలా కూర్చున్నానో లేదో, ఫోను మోగింది.

"నాకు... సెలవు రాసుకోవయ్యా," అంది డైరెక్టరు గారి మూలుగు.

"కారణం సార్?"

"అలర్జీ."

"దానికి సెలవు లేదని తమరే ఆర్డరు వేశారు కదా సార్. ఫ్లూకైతే ఉంది."

"ఫ్లూ అంటే షీల్డు పోతుందయ్యా!"

"అయితే వచ్చేయండి సార్. మీ గది తలుపు తీసే ఉంచాను."

అవతల ఏదో పెనుగులాట. ఆడగొంతు వినబడింది. "బాబూ, నేను ఆయన భార్యని. ఫ్లూ అనే రాసుకో, డాక్టరు చెప్పాడు. మనవరాలి దగ్గరికి రానివ్వడం లేదని కిటికీలోంచి చూసి ఒకటే ఏడుపు!"

నా కోపమంతా కరిగిపోయింది. ఆ కిటికీ బాధ నాకు తెలుసు. ఫ్లూ అనే రాసుకున్నాను. షీల్డు తిరిగిచ్చేద్దామని పై కార్యాలయానికి ఫోను చేస్తే, "పెద్దాయన సెలవులో ఉన్నారండీ. అలర్జీ!" అన్నారు.

సాయంత్రం ఇంటికెళ్ళాను. గుమ్మంలో మామూలు తనిఖీ.

"ఆఫీసులో ఎవరైనా తుమ్మారా?"

"లేదు. ఇవాళ మా ఆఫీసులో ఫ్లూ అన్న మాటే లేదు."

"మళ్ళీ మీ డైరెక్టరు గారి పాటేనా!"

"ఒట్టు! మనుషులే లేరు!"

నా భార్య పకపకా నవ్వి, "చేతులు కడుక్కుని రండి," అంది. పాప బరువు ఇన్నాళ్ళకి నా చేతుల్లోకి వచ్చింది. నా చూపుడువేలు పట్టుకుంది. ఎంత లాగినా వదిలితేనా!