అధ్యక్షులవారి పార్కింగ్ బ్రేకు

ఇక మీదట ప్రభుత్వ వాహనం ఏదైనా సరే, దాని రిపేరుకు పది వేల రూపాయలకు మించి ఒక్క పైసా ఖర్చు కాబోదని జాతీయ వాహన పొదుపు మండలి అధ్యక్షులు అనంతరామయ్యగారు దేశ రాజధానిలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మాణిక్యాంబ టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ప్రకటించారు.

పొదుపు గురించి పెద్ద హోటల్లో చెబితే అందంగా ఉండదు. కలెక్టర్లు కావాలని చదివే పిల్లలు దోసెలు తినే చోట చెబితే రేపటి అధికారుల చెవిన కూడా పడుతుంది. అంత ముందుచూపుతో ఆ చోటు ఎంచుకున్నారు. కెమెరాల ముందు రెండు ఇడ్లీలు తిన్నారు. మూడోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఆ నిగ్రహం చూసి మాణిక్యాంబకు కళ్లు చెమర్చాయి. అంతటి మనిషి కారు తన గుమ్మాన్ని ఆనుకుని ఆగడం ఆమెకు చాలా గొప్పగా అనిపించింది.

ఆగిన కారు మళ్లీ కదలలేదు.

పాత కార్లలో చేత్తో లాగే కడ్డీ ఉండేది. అధ్యక్షులవారి కారులో దాని బదులు వేలెడంత బొత్తాం ఉంది. పైకెత్తితే బ్రేకు పడుతుంది, నొక్కితే వదులుతుంది. ఆ రోజు పడింది గాని వదల్లేదు.

“ఏమైంది సత్‌బీర్?” అన్నారు అధ్యక్షులవారు.

సత్‌బీర్‌ది హర్యానా. ఏళ్ల తరబడి తెలుగు సార్ల దగ్గర డ్రైవరుగా చేసి తెలుగు పట్టేశాడు.

“పార్కింగ్ బ్రేక్ జామ్ సర్. ఎలక్ట్రానిక్ హై.”

“కొట్టి చూడు.”

“ఏం కొట్టాలి సర్? బటన్ ఇంతే ఉంది.”

అధ్యక్షులవారు తొణకలేదు. విలేకరుల వైపు తిరిగారు. “చూశారా! ఒకసారి పట్టుకుంటే వదలదు. మా మండలి కూడా అంతే.” ఆ మాట చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఆటోలో అధ్యక్షులు అని మర్నాడు అన్ని పేపర్లలోనూ ఫోటో పడింది. ఆటో వెనకాల వెళ్లిన మూడు కార్లు ఫోటోలో పట్టలేదు.

మర్నాడు కంపెనీ సర్వీస్ సెంటర్ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. కారుకు వైరు తగిలించి, తల పంకించి, “మాడ్యూల్ పోయింది. వెనక చక్రాల మోటార్లు రెండూ మార్చాలి. మళ్లీ సాఫ్ట్‌వేర్ వేయాలి. లక్షా పన్నెండు వేలు” అన్నాడు.

అధ్యక్షులవారి పి.ఎస్. నాగభూషణం ముఖం పాలిపోయింది. “పది వేల లోపు కుదరదా?”

“పది వేలకి మా జీఎస్టీ కూడా రాదు సర్.”

“పోనీ ఎత్తుకుపోండి, ఇక్కణ్ణుంచి.”

“చక్రాలు తిరగవు కదా. లారీ మీద పెట్టాలి. లారీ చార్జీ రిపేర్ బిల్లులోనే వస్తుంది.”

నాగభూషణం కాసేపు ఆలోచించాడు. నిన్న సాయంత్రం దేశం మొత్తానికీ చెప్పిన మాటను ఇవాళ పొద్దున్నే తప్పితే పరువేం కావాలి? కారు అక్కడే ఉండాలని నిర్ణయించాడు. ప్రభుత్వ ఆస్తి కాబట్టి కాపలాకు ఒక కానిస్టేబులును పెట్టించాడు. ఎండకు రంగు పోకుండా షామియానా వేయించాడు. కుక్కలు ఎక్కకుండా చుట్టూ తాడు కట్టించాడు. డ్యూటీ డ్యూటీయే కాబట్టి సత్‌బీర్ రోజూ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చోవాలని చెప్పాడు.

కారుకూ టిఫిన్ సెంటర్ షట్టరుకూ మధ్య మిగిలిన సందు జానెడు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడిస్తే మనిషి పడతాడు. సన్నటివాళ్లు వచ్చి తిన్నారు. కొంచెం ఒళ్లున్నవాళ్లు ఎదుటి మోమో బండి దగ్గరికి పోయారు. సన్నటివాళ్లు ఎంతని తింటారు? రుబ్బిన పిండి రుబ్బినట్టే పులిసిపోతోంది.

ప్రిలిమ్స్ పరీక్ష అయ్యేదాకా ఉన్న రెండు నెలలే మాణిక్యాంబకు సంపాదన. పరీక్ష రాసి పిల్లలు ఊళ్లకు వెళితే వీధి బోసిపోతుంది. ఈ రెండు నెలలూ కారు ఇక్కడే ఉంటే ఆ తర్వాత కొట్టు ఉండదు.

“ఆంటీ, ఇంకో పెసరట్టు తింటే నేను బయటికి పోలేను. ఇక్కడే పడుకోవాలి” అంది హారిక. కర్నూలు పిల్ల, మూడోసారి పరీక్ష రాస్తోంది.

“పడుకో అమ్మా. అద్దె కలిసొస్తుంది నీకు” అంది మాణిక్యాంబ.

నెల తిరిగాక నాగభూషణం షామియానా చూసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె గరిటె చేత్తోనే అడిగింది. “బాబూ, సారుగారు ఇప్పుడెందులో తిరుగుతున్నారు?”

“టాక్సీ పెట్టామమ్మా. రోజుకు నాలుగు వేలు.”

“ఆ డబ్బుతో ఈ పాటికి బ్రేకు బాగయ్యేది కదా నాయనా?”

నాగభూషణం జాలిగా నవ్వాడు. “అది అద్దె. ఇది రిపేరు. అద్దెకు హద్దు లేదు. రిపేరుకే హద్దు. సారు నియమం మీరిన మనిషి కాదమ్మా.”

“ఈ షామియానా?”

“భద్రత.”

“మరి నా కొట్టు?”

“మీ త్యాగం ఊరికే పోదు. మండలి వార్షిక నివేదికలో రాయిస్తాను” అని, సన్నటివాడు కాబట్టి సందులోంచి వచ్చి రెండు పెసరట్లు తిని వెళ్లాడు.

ఆ ఆదివారం హారికే కరోల్ బాగ్ నుంచి ఒక మెకానిక్‌ను పట్టుకొచ్చింది. అతను మెడలో గొలుసు, కళ్లకు నల్లద్దాలతో షామియానా కింద దర్జాగా తిరుగుతూ, ఇలాంటి కార్లు తన చిటికెన వేలి మీద తిరుగుతాయని చెప్పాడు. పదిహేను వేలు అడిగాడు. మాణిక్యాంబ బేరమాడితే పదకొండు వేలకూ, కడుపు నిండా టిఫినుకూ దిగాడు. కొత్త గ్రైండరు కోసం ఆమె దాచుకున్న డబ్బు అది.

కానిస్టేబులు అడ్డం చెప్పలేదు. చెట్నీ గిన్నె పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. సత్‌బీర్ అయితే బానెట్టు తనే ఎత్తాడు. “జల్దీ చెయ్యి భయ్యా. ఏసీ వేస్తే పెట్రోల్ వేస్ట్ అంటారు. వెయ్యకపోతే నేను ఉడికిపోతున్నాను.”

మెకానిక్ కారు కింద దూరాడు, ఏవో తిట్లు తిట్టాడు, ఏదో వైరు మార్చాడు. లోపల ఎర్రదీపం ఆరింది. సత్‌బీర్ కారును మెల్లగా ముందుకు పోనిచ్చి వీధి చివర ఆపి వచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అరగంటలో కొట్టు నిండిపోయింది. లావుపాటి పిల్లలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. ఇడ్లీ పాత్ర దించడం, ఎక్కించడం. మాణిక్యాంబకు చెమట తుడుచుకోవడానికి తీరిక లేదు. అప్పుడు నాగభూషణం పరుగున వచ్చాడు. దండేమైనా తెచ్చాడేమోనని ఆమె అతని చేతుల వైపు చూసింది.

“ఎవరు తీశారు కారు?”

“నేనే బాబూ. నా డబ్బుతో బాగుచేయించాను. సర్కారుకు ఒక్క పైసా ఖర్చు లేదు.”

నాగభూషణం బెంచీ మీద కూలబడ్డాడు. “అమ్మా, మీ దేశభక్తికి దండం పెడతాను. కానీ రేపు సారుకు కొత్త కారు వస్తోంది. నలభై లక్షలది. పాత కారు ఎన్నటికీ కదలదని రాస్తేనే ఇచ్చారు. తనిఖీ వాళ్లు రేపు పొద్దున్నే చూడటానికి ఇక్కడికొస్తున్నారు.”

“నలభై లక్షలా! పొదుపు అన్నారు కదా?”

“రిపేరులో పొదుపు. కొనడం రిపేరెలా అవుతుందమ్మా?”

మాణిక్యాంబ ఇలాంటి తేడాలు తెలిసినవాళ్లే పెద్ద పదవుల్లో ఉంటారు కాబోలనుకుంది.

సత్‌బీర్ కారు వెనక్కి తెచ్చాడు. నాగభూషణం ఫోన్లో పాత ఫోటో చూస్తూ చెయ్యి ఊపాడు. “ఇంకా... ఇంకొంచెం... షట్టరుకు ఇంకా దగ్గరగా ఉండేది... ఆఁ, ఠీక్ హై. బ్రేకు వెయ్.”

సత్‌బీర్ బొత్తాం ఎత్తాడు. బ్రేకు పడింది.

“ఇప్పుడు నొక్కు.”

నొక్కాడు. వదిలింది. మళ్లీ వేశాడు, మళ్లీ వదిలింది. బొత్తాం ఎన్నిసార్లు నొక్కినా చెప్పిన మాట వింటోంది. నాగభూషణం నుదుటి మీద చెమట పట్టింది. మూలన నాలుగో దోసె తింటున్న మెకానిక్ వైపు తిరిగాడు.

“భయ్యా, దీన్ని మళ్లీ మునుపటిలా చెయ్యడానికి ఎంత?”

మెకానిక్ నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కారు వంక చూశాడు, నాగభూషణం చొక్కా వంక చూశాడు. “సాడే నౌ హజార్.”

“తొమ్మిదిన్నర వేలేనా!” నాగభూషణం ముఖం వెలిగిపోయింది. “చేసెయ్, చేసెయ్. ఇప్పుడే సాంక్షన్.”

“నాయనా, మరి నా పదకొండు వేలు?” అంది మాణిక్యాంబ.

“ఏ పదకొండు వేలమ్మా? ఈ కారుకు రిపేరు జరగలేదు కదా!”

మెకానిక్ చెయ్యి కడుక్కుని కారు కింద దూరాడు. లోపల తింటున్నవాళ్లలో కాస్త ఒళ్లున్నవాళ్లు ప్లేట్లు అక్కడే వదిలి, బ్రేకు మళ్లీ బిగిసేలోగా ఆ జానెడు సందులోంచి బయటపడాలని ఒకరినొకరు తోసుకోవడం మొదలుపెట్టారు.