రైల్వే గేటు సినిమాకి వచ్చిన జనం

ఆ శనివారం పొద్దున తిజానీ మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, నల్లకోటు దుమ్ము దులపడం, ముప్ఫై కుర్చీలు సంపాదించడం. మొదటి రెండూ ఎనిమిదిన్నరలోపే అయిపోయాయి.

సీదీ ఫర్జాన్ ఊరి గ్రంథాలయంలో మాస్టారు పదకొండేళ్ళుగా ప్రతి శనివారం మూడింటికి ఒక సినిమా వేస్తున్నారు. సినిమా కాగానే చర్చ. చర్చ లేకుండా లేచిపోతే అది సినిమా చూడడం కాదు, ఇల్లు వదిలి బయటికొచ్చి కునుకు తీయడం అని ఆయన అభిప్రాయం. వచ్చేది ఏడుగురు. వాళ్ళలో ఒకాయన చలికాలంలోనే వస్తాడు, అదీ హీటరు పక్కన చోటుంటేనే. ఇవాళ రాజధాని ట్యూనిస్ నుంచి గ్రంథాలయాల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. కనీసం ముప్ఫైమంది కనిపించకపోతే ఆ హాలును పాత ఫైళ్ళకి గోడౌనుగా మార్చేస్తామని ఉత్తరంలో ముందే రాశారు.

ఇది చాలదన్నట్టు, గ్రంథాలయం కుర్చీలన్నీ పబ్లిక్ పరీక్షల కోసం హైస్కూలుకి వెళ్ళిపోయాయి. లైబ్రేరియన్ కూడా పరీక్ష డ్యూటీ మీద కుర్చీల వెంటే వెళ్ళిపోయింది. గేటు కాపలా చూసే హసూనా, కూతురికి పాప పుట్టిందని తెల్లవారుజాము బస్సుకి స్ఫాక్స్ వెళ్తూ, తాళాలు మాస్టారి చేతిలో పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను కూర్చునే ముక్కాలిపీటను, పిల్లులు ఎక్కకుండా గేటు పక్కన బోర్లించి మరీ వెళ్ళాడు.

మాస్టారు కుర్చీలు అద్దెకిచ్చే అమ్మార్‌కి ఫోన్ చేశారు.

"అమ్మార్, గ్రంథాలయానికి కుర్చీలు కావాలి. మధ్యాహ్నం లోపు తేగలవా?"

"ఎందుకు తేను మాస్టారూ! లైట్లు కూడా కావాలా?"

"లైట్లెందుకయ్యా? మేం కూర్చునేది చీకట్లోనే కదా."

అవతల మోగుతున్న రేడియో ఆగిపోయింది.

"అర్థమైంది మాస్టారూ," అన్నాడు అమ్మార్, గొంతు బాగా తగ్గించి. "మీరేం దిగులు పెట్టుకోకండి. అన్నీ నేను చూసుకుంటా."

అమ్మార్ వ్యాపారంలో ఉన్నవి రెండు రకాలే. లైట్లు కావాలంటే పెళ్ళి, వద్దంటే చావు. ఇరవై ఏళ్ళలో అతనికి మూడో రకం తగల్లేదు. ఎన్ని కుర్చీలో అడగడం కూడా బాగుండదనిపించి వంద తెచ్చాడు. హాలు తాళం వేసి ఉండడంతో, వీధిలో రెండు గోడల వెంటా ఎదురెదురుగా వరసలు వేసి, గేటు దగ్గర బోర్లించిన పీట చూశాడు. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎదురు సెలూన్ నడిపే వన్నాస్, సబ్బు పూసిన ఒకాయన గడ్డాన్ని సగంలో వదిలేసి బయటికొచ్చాడు.

"ఎవర్రా?"

అమ్మార్ పీటకేసి చూపించాడు.

"అయ్యో! నిన్న సాయంత్రం కూడా నాతో గొడవపెట్టుకున్నాడే. ఎంత బాగా తిట్టాడనుకున్నావు!" అని వన్నాస్ షట్టరు సగం దించేశాడు.

సగం దించిన షట్టరును చూసి రొట్టెలంగడి వాడు, రొట్టెలంగడి వాడిని చూసి పక్కవీధి, అలా పదకొండు గంటలకల్లా ఊరంతా తెలిసింది. హసూనా భార్య ఏనాడో పోయింది, కూతురు దూరాన ఉంది. కర్మకాండంతా తిజానీ మాస్టారే నెత్తిన వేసుకున్నారని ఊరు తీర్మానించుకుంది. పక్కవీధి మనూబియా పిన్ని, చావుకి వచ్చే జనానికి పెట్టాలని తన ఇంటి పెద్ద గిన్నె దింపి, గోధుమరవ్వతో చేసే కుస్కుస్ పొయ్యి మీద పెట్టింది.

రెండు గంటలకి మాస్టారు ప్రొజెక్టరును చంటిబిడ్డలా ఎత్తుకుని, నల్లకోటులో వీధి మలుపు తిరిగారు. తిరిగి, ఆగిపోయారు. వీధి నిండా జనం. అందరూ నిశ్శబ్దంగా, క్రమశిక్షణగా కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి అంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

గోడల మీద తను అంటించిన పోస్టర్లు గుర్తొచ్చాయి మాస్టారికి. అవి ఎవరూ చదవరని అన్నవాళ్ళూ గుర్తొచ్చారు. ఛాతీ ఎంత ఉబ్బిందంటే కోటు గుండీ ఒకటి ఊడి కిందపడింది. ఎవరో వంగి, తీసి, ఆయన జేబులో వేశారు. నాలుగేళ్ళ కిందట పోయిన భార్య రధియా ఇది చూసి ఉంటే బాగుండేదనిపించింది. చర్చలో మొదటి ప్రశ్న ఎవరూ అడగరని, రెండో వరసలో కూర్చుని ఎప్పుడూ ఆవిడే అడిగేది.

వన్నాస్ వచ్చి ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "గుండె దిటవు చేసుకోండి మాస్టారూ."

"చేసుకున్నానయ్యా. ఇంతమందిని చూశాక ఇంక భయమేముంది?"

"ఇంతకీ ఎలా పోయాడు?"

సినిమా తీసిన దర్శకుడి గురించే అడుగుతున్నాడనుకుని మాస్టారికి కళ్ళు చెమర్చాయి. "ఒక హోటల్ గదిలో, ఒంటరిగా. ముప్ఫై ఏళ్ళయింది."

వన్నాస్ మెల్లగా చెయ్యి వదిలి, వెనక్కొచ్చి అమ్మార్ చెవిలో అన్నాడు. "మనిషి బాగా దెబ్బతిన్నాడు. ఏం చెప్పినా అందరూ ఊఁ అనండి, ఎదురు చెప్పకండి."

అందుకే "కుర్చీలు పట్టుకుని లోపలికి రండి" అని మాస్టారు అనగానే అందరూ మారుమాట లేకుండా మోసుకొచ్చారు. లైట్లు ఆర్పినా ఎవరూ నోరెత్తలేదు. "చదువుకున్నవాళ్ళ పద్ధతేమో" అని వెనక ఎవరో గొణిగారు. సరిగ్గా మూడింటికి ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకంతో వచ్చి, కూర్చోడానికి చోటు దొరక్క గోడకి ఆనుకున్నాడు.

సినిమా ఒక రైల్వే గేటు కాపలాదారుడిది. రైలు మార్గం మూసేశాక కూడా అతను రోజూ వేళకి గేటు వేస్తాడు, తీస్తాడు. పది నిమిషాలు గడిచాయో లేదో హాల్లో ఎవరో వెక్కి ఏడవడం వినపడింది. అరగంటకి మగవాళ్ళు కూడా ముక్కులు చీదుతున్నారు. చివర్లో రాని రైలు కోసం కాపలాదారుడు గేటు ఎత్తి వానలో నిలబడితే, మనూబియా పిన్ని పైకే ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టరు ట్యూనిస్‌లో ఇలాంటి ప్రేక్షకుల్ని చూసి ఎరగడు. రెండు పేజీలు నింపేశాడు.

లైట్లు వెలిగాయి. "ఇప్పుడు ఆయన గురించి ఎవరైనా మాట్లాడండి," అన్నారు మాస్టారు, ఎవరూ లేవరని తెలిసే.

పది చేతులు లేచాయి.

"ఆయన మొండిమనిషి," అన్నాడు వన్నాస్. "కానీ గేటు మాత్రం ఎవరికీ అడ్డంగా వెయ్యలేదు."

"అద్భుతమైన పరిశీలన!" అన్నారు మాస్టారు.

"వానొస్తే బడిపిల్లల్ని లోపలికి పిలిచేవాడు," అన్నాడు రొట్టెలంగడి వాడు.

ఆ దృశ్యం సినిమాలో ఎక్కడుందా అని మాస్టారు ఆలోచిస్తుండగా మనూబియా పిన్ని లేచింది. "మా హసూనా లాంటివాడు మళ్ళీ పుట్టడు నాయనా! కుస్కుస్ బయట ఉంది, అందరూ తినే వెళ్ళాలి."

మాస్టారికి అప్పుడు తెలిసింది. కుర్చీలు, వీధిలో వరసలు, ఆ కన్నీళ్ళు, ఒక్కొక్కటీ వాటి చోట్లలో కుదురుకున్నాయి. ఇన్‌స్పెక్టరుకేసి చూశారు. పెన్ను ఆపకుండా రాస్తున్నాడు. నోరు మూసుకుంటే చాలు, హాలు దక్కుతుంది. ఇంకో పదకొండేళ్ళు దక్కుతుంది. నోరు మూసుకోవడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు.

"పొరపాటు జరిగింది," అన్నారు. "హసూనా పోలేదు. స్ఫాక్స్‌లో మనవరాలిని చూసుకుంటున్నాడు. సాయంత్రం బస్సుకి వచ్చేస్తాడు."

హాలంతా జాలిగా నిట్టూర్చింది.

"పాపం, ఇంకా నమ్మలేకపోతున్నారు," అని మనూబియా పిన్ని చెంబుతో ఆయనకి మంచినీళ్ళిచ్చింది.

"నిజంగా బతికే ఉన్నాడమ్మా!"

"ఉన్నాడు మాస్టారూ, మన గుండెల్లో ఎప్పుడూ ఉంటాడు," అని వన్నాస్ భుజం తట్టాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చేతిలో మిఠాయి డబ్బాతో హసూనా గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో కుస్కుస్ గిన్నెలు చూసి అతని మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

"ఎవర్రా పోయింది?"

"నువ్వే!" అంది మనూబియా పిన్ని, చేతిలో చెంబు వదిలేసి.

ఆ చెంబు దొర్లి ఆగేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకరు నవ్వారు. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. అప్పుడే పుట్టినవాణ్ణి చూసినట్టు వంతులవారీగా అందరూ హసూనాని తడిమి చూశారు. ఇన్‌స్పెక్టరు మాత్రం పుస్తకం మూసేశాడు.

"అంటే మాస్టారూ, వీళ్ళెవరూ సినిమాకి రాలేదన్నమాట."

"రాలేదు సార్. మావాళ్ళు ఏడుగురే. ఎండాకాలం ఆరుగురు."

"సరేనండీ, మరి నేను..." అని ఇన్‌స్పెక్టరు తలుపు దాకా వెళ్ళాడు. వెళ్ళి, వెనక్కి తిరిగాడు. కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు.

"ఒక్కటి చెప్పండి మాస్టారూ," అంటున్నాడు అమ్మార్. "రైలే రానప్పుడు గేటు ఎత్తడం వెర్రితనం కాదూ?"

"వెర్రి నీ మొహం!" వన్నాస్ అందుకున్నాడు. "రానిదానికి కూడా దారి ఇచ్చాడు, అదీ మనిషితనం!"

"జీతం ఎవరిచ్చారు మరి?" అంది మనూబియా పిన్ని.

"ఏం గేటు? ఏం రైలు?" హసూనా మధ్యలో నిలబడి అరిచాడు. "ఈ ఊళ్ళో గేటు సంగతి నాకు తెలియకుండా మీరు తేల్చేస్తారా? మళ్ళీ వెయ్యండి మాస్టారూ. మొదట్నుంచీ!"

మిఠాయి డబ్బా పక్కవాళ్ళకి అందించి, వెతుక్కుని వెళ్ళి, రెండో వరసలో కూర్చున్నాడు. అది ఎవరి చోటో అతనికి తెలుసో లేదో మాస్టారు అడగలేదు. లైట్లు ఆర్పేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి స్విచ్ మీద కాస్త ఎక్కువసేపు ఆగింది.

రెండోసారి సినిమా అయ్యాక మొదటి ప్రశ్న హసూనాయే అడిగాడు. రెండోది, కుస్కుస్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు అడిగాడు. అతనిదీ అమ్మార్ పక్షమే కావడంతో, వన్నాస్ అతనికి రెండోసారి కూర వడ్డించడానికి ఒప్పుకోలేదు.

పదిరోజుల తర్వాత నివేదిక ప్రతి ఒకటి గ్రంథాలయానికి వచ్చింది. మాస్టారు దాన్ని అద్దం బిగించి గేటు దగ్గర, హసూనా పీటకి పైన తగిలించారు. హాలును సినిమా చర్చలకే ఉంచాలని అందులో సిఫారసు చేశారు. ఆ కింద ఇలా ఉంది: హాజరు నూట పద్దెనిమిది మంది, మృతులు ఎవరూ లేరు.