'వంతు' రిజర్వు అయిన ఉదయం

పేరు పెట్టే హక్కు మానవజాతికి దక్కిన హక్కులన్నింటిలోకీ అత్యున్నతమైనది. కనుక దానిని ఎవరికి పడితే వారికి వదిలేయడం క్షేమం కాదు. ఈ సత్యాన్ని మొదట గ్రహించినవారు ప్రోగ్రామింగ్ భాషల మహామండలి సభ్యులు. ప్రోగ్రాము రాసే ప్రతి పౌరుడూ అందులోని దేనికైనా తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చునని వారు ఉదారంగా ప్రకటించారు (మండలి తన కోసం అట్టేపెట్టుకున్న పదాలు తప్ప). వీటిని రిజర్వుడు పదాలంటారు. సభలో పెద్దమనుషుల కుర్చీల వంటివి. తెలియక కూర్చున్నవారిని చేయిపట్టి లేపుతారు. భాషకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కుర్చీలు ఇంకో వరుస వెనక్కి పెరుగుతాయి.

నగర నీటి కార్యాలయంలో ట్యాంకర్లను నడిపించే ప్రోగ్రాము ఒకటుంది. ఏ వీధికి నీళ్లు ఎప్పుడు వెళ్లాలో తేల్చే భాగానికి, ఎప్పుడో రిటైరైన ఇంజనీరు 'వంతు' అని పేరు పెట్టాడు. మూడు వెర్షన్ల పాటు ఆ పేరు పరువుగా బతికింది. నాలుగో వెర్షన్‌లో మండలి దానిని రిజర్వు చేసింది. కొత్త వెర్షన్ ఎక్కించిన ఉదయం కంప్యూటరు 'వంతు'ను చొరబాటుదారుగా గుర్తించి, ప్రోగ్రామును నడపనని భీష్మించింది. ట్యాంకర్లు నిండు కడుపులతో ఆవరణలో బారులు తీరి, ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాయి.

వ్యవహారం కార్యాలయంలోని ప్రోగ్రామరు నెత్తిన పడింది. అప్పుడే ఆమెకు వదిన నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, మా వీధి ట్యాంకరేదీ? తలకి రంగేసుకుని కూర్చున్నా. మధ్యాహ్నం ఇంటర్వ్యూ. అరగంటలో కడిగెయ్యాలని డబ్బా మీద రాసుంది."

"చుక్క నీళ్లు కూడా లేవా వదినా?"

"ఉన్నవి రంగు కలపడానికే సరిపోయాయి."

"ఒక పదం అడ్డొచ్చింది వదినా."

"పదం అడ్డు రావడమేంటే? పక్కకి జరపండి!"

పదాన్ని పక్కకు జరపడం సూత్రరీత్యా సులభమే. ఆమె 'వరుస' అని మార్చి చూసింది. అది రెండో వెర్షన్‌లోనే రిజర్వయింది. 'క్రమం' మూడో వెర్షన్‌లో పోయింది. 'వంతు'కు చివర గీత తగిలిస్తే చెల్లుతుంది గానీ, 'వంతు_'ను బిల్లుల విభాగమూ, 'వంతు_కొత్త'ను ఫిర్యాదుల విభాగమూ, 'వంతు_అసలైనది'ని ఎవరో అజ్ఞాత మహనీయుడూ అప్పటికే సొంతం చేసుకున్నారు.

"పాత వెర్షన్‌కే పోదామా సార్?" అని మేనేజరును అడిగింది.

"దానికి నిన్నటితో నూకలు చెల్లాయి. పోయినవాడి చేత సంతకం పెట్టిస్తావా? మండలిని మినహాయింపు అడుగు. కాస్త మర్యాదగా అడుగు, వాళ్లకి కోపమొస్తే ఇంకో నాలుగు పదాలు పోతాయి."

మండలిలో ఫోనెత్తినవారు పూర్వనామ పరామర్శ శాఖ ఉపకార్యదర్శి (పేర్లు పోగొట్టుకున్నవారిని ఓదార్చడం ఆ శాఖ విధి, పేర్లు తిరిగివ్వడం కాదు).

"మీ బాధ అర్థమైందమ్మా. పేరుకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టండి. నాలుగో వెర్షన్ చూసీచూడనట్టు ఊరుకుంటుంది."

"మరి ఐదోది?"

"అందులో కొటేషన్ గుర్తులు కూడా రిజర్వు చేస్తున్నామమ్మా."

ఆమె ఫోన్ పెట్టేసి, ఏ మండలీ ఎన్నటికీ ఆశపడని పేరొకటి ఆలోచించింది: 'నీళ్ల_వంతు_దీన్నిక_ముట్టుకోకండి'. ప్రోగ్రాము నడిచింది. ట్యాంకర్లు కదిలాయి. వదిన వీధికి నీళ్లు చేరేసరికి అరగంట ఎప్పుడో దాటింది. అయినా ఆవిడ ఇంటర్వ్యూకు వేళకే వెళ్లింది. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. నుదురు కూడా, రెండు చెవులు కూడా. ఉద్యోగం ఇంకెవరికో దక్కింది.

"పోయింది ఎలాగూ పోయింది," అంది వదిన. "ఆ పదం అక్కడ అంత ఘనకార్యం ఏం వెలగబెడుతోందో కనుక్కో. అదైనా తెలిస్తే మనసు కుదుటపడుతుంది."

ప్రోగ్రామరు మళ్లీ ఫోన్ చేసింది. ఉపకార్యదర్శి లోపలికి వెళ్లి, పెద్దలను విచారించి, తిరిగి వచ్చారు.

"ప్రస్తుతానికి ఏ పనీ చెయ్యదమ్మా. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని ఉంచాం."